పాచి పట్టిన దొన

ఏడుదొనల అడవి ఎక్కడుందని అడిగితే దారి చెప్పడం కష్టం. కొండ ఎక్కాలి, దిగాలి, మళ్ళీ ఇంకో కొండ ఎక్కాలి. అక్కడ ఇప్ప చెట్లు, నేరేడు చెట్లు, వెదురు పొదలు దట్టంగా ఉంటాయి. కణుతులనే పెద్ద జింకలు, దుప్పులు, కుందేళ్ళు, నెమళ్ళు, కొండముచ్చులు అక్కడ కాపురం ఉంటాయి. పులి కూడా ఉంది గానీ ఈ కథలోకి రాదు. కాబట్టి భయపడకుండా వినండి.

దొన అంటే కొండరాతిలో దానంతట అదే ఏర్పడిన గుంట. వానలకు నిండుతుంది. స్నానాల తొట్టి కన్నా కాస్త పెద్దగా ఉంటుంది. పేరుకు ఏడు దొనలున్నా, ఎండలు ముదిరాక నీళ్ళు నిలిచేవి రెండింట్లోనే. ఒకటి కొండముచ్చు సుంకులు ఉండే బండ పక్కన ఉంది. రెండోది బెట్టుడుత బంగారయ్య ఉండే నేరేడు చెట్టు కింద ఉంది.

సుంకులుకు ఒక జబ్బు ఉంది. 'ఎందుకు?' అనే జబ్బు. చీమలు వరసగా పోతుంటే ఎక్కడికో తెలుసుకోవాలని వాటి వెంట పోయేది. ఆకు ఒకవైపే ఎందుకు ఎండిందని చెట్టంతా వెతికేది. "దీనికి పనీ పాటా లేదు" అని తోటి కొండముచ్చులు మూతి విరిచేవి. సుంకులు పట్టించుకునేది కాదు. చంకలో బిడ్డను వేసుకుని, తన చూపులేవో తను చూసుకునేది.

బంగారయ్య సంగతి వేరు. బెట్టుడుత అంటే ఇళ్ళ గోడల మీద తిరిగే చిన్న ఉడుత అనుకునేరు. పిల్లి కన్నా పొడవు, ఎర్రటి మెరిసే ఒళ్ళు, కుచ్చుల తోక. బెట్టు పేరులోనూ ఉంది, ఆయనలోనూ ఉంది. శుభ్రమంటే ఆయనకు ప్రాణం. కొమ్మను తోకతో దులిపితే గానీ కూర్చునేవాడు కాదు. బురద కాళ్ళతో ఎవరైనా చెట్టు దగ్గరికి వస్తే, "అక్కడే! అక్కడే ఆగు!" అని కేకలు పెట్టేవాడు.

ఆ ఏడు ఎండలు తొందరగా మండాయి. కొండ మీది వాగు సన్నబడింది, ముక్కలైంది, చివరికి ఒక్క మడుగు మిగిలింది. వాగులోని చేపలన్నీ ఆ మడుగులో చేరి కిటకిటలాడాయి. చిటికెన వేలంత వెండి చేపలు అవి. పరిగెలంటారు.

కణుతుల మందకు పెద్దదైన కణితి పెద్దమ్మ అందర్నీ మడుగు దగ్గరికి పిలిచింది.

"పోయినేడు కూడా ఇలాగే ఈ మడుగు ఎండింది. ఏ నాలుగో తప్ప చేపలన్నీ చచ్చిపోయాయి. ఇప్పుడున్నవి వాటి పిల్లలే. చేపలు పోతే మనకేంలే అనుకున్నాం. వానలు పడ్డాక ఏమైందో ఎవరైనా చెప్పండి."

అందరికీ గుర్తుంది. దోమలు నీళ్ళలో గుడ్లు పెడతాయి. ఆ గుడ్లలోంచి వచ్చే పురుగుల్ని పరిగెలు తినేస్తాయి. చేపలు కరువైన వాగులో ఆ పురుగులన్నీ దోమలై లేచాయి. పొదకొకరు చొప్పున జ్వరంతో పడుకున్నారు. సుంకులు బిడ్డ చచ్చి బతికింది. ఇప్పటికీ కొమ్మ పట్టుకుంటే ఆ బిడ్డ చేతులు వణుకుతాయి.

"ఈసారి అలా జరగకూడదు" అంది పెద్దమ్మ. "వాగు మళ్ళీ పారేదాకా ఈ చేపల్ని ఎవరైనా పెంచాలి. రెండు దొనల్లోనే నీళ్ళున్నాయి. బంగారయ్యా, సుంకులూ, ఏమంటారు?"

"పెంచుతాను పెద్దమ్మా" అంది సుంకులు, బిడ్డను గట్టిగా పట్టుకుని.

"ఇంత చిన్న పనికి అంత ఆలోచనెందుకు?" అన్నాడు బంగారయ్య. "కాకపోతే కాసేపు ఆగండి. ముందు ఇల్లు కడగనివ్వండి."

అన్నట్టే కడిగాడు. దొనలోని నీళ్ళు చివరి చుక్కదాకా తోడి పారబోశాడు. అడుగున ఉన్న ఇసుక ఎత్తిపోశాడు. రాళ్ళ మీది పాచిని గోళ్ళతో గీకి, తోకతో తోమి, మళ్ళీ గీకాడు. కొండ చరియలో చల్లటి ఊట ఒకటుంది. మోదుగాకు దొప్పలతో ఆ నీళ్ళు మోసుకొచ్చి దొన నింపాడు. అడుగున ఉన్న రాయి తళతళ మెరిసింది. చూడవచ్చినవాళ్ళంతా నోరెళ్ళబెట్టారు.

తర్వాత ఆయన సుంకులు దొన చూడటానికి వచ్చాడు. అందులో ఇసుక ఉంది. గట్టు వారగా నాలుగు నీటిమొక్కలున్నాయి. రాళ్ళన్నీ పచ్చగా ఉన్నాయి.

"ఇదేమిటి?" అన్నాడు ముక్కు మూసుకుని.

"పాచి మామా."

"పాచి నోరు అంటారు. పాచి పళ్ళు అంటారు. పాచి మొహంతో ఎదురు రావద్దంటారు. పాచి అన్న మాట మంచికి వాడగా ఎప్పుడైనా విన్నావా?"

సుంకులు ఆలోచించింది. ఎంత ఆలోచించినా అలాంటి మాట ఒక్కటీ తట్టలేదు.

"వినలేదు మామా."

"మరి ఇంకా చూస్తావేం? తోమెయ్!"

అందరూ చూస్తున్నారు. సుంకులుకు సిగ్గేసింది. గరుకు రాయి ఒకటి తీసుకుని తోమడం మొదలుపెట్టింది. ఒక రాయి తెల్లగా అయ్యింది. రెండో రాయి మీద చెయ్యి వేసేసరికి పాచిలోంచి మిరియపు గింజంత నత్త ఒకటి బయటపడింది. కాసేపు ముడుచుకుని ఉండి, మెల్లగా కొమ్ములు చాపి, మళ్ళీ పాచిని నాకడం మొదలుపెట్టింది.

అంతే, సుంకులుకు జబ్బు తిరగబెట్టింది. ఇది పాచిని ఎందుకు తింటోంది? ఇందులో ఏదో ఉండబట్టే కదా? ఆ ఏదో చేపలకు కూడా పనికొస్తుందేమో?

"ఒక రాయి తోమాను మామా. మిగతావి వదిలేస్తున్నాను. తోమితే ఏమవుతుందో, తోమకపోతే ఏమవుతుందో రెండూ చూస్తాను."

"చూస్తావా? చూడు, చూడు" అని బంగారయ్య తోక విదిల్చుకుని వెళ్ళిపోయాడు.

చేపల్ని దొప్పల్లో పట్టి తెచ్చారు. పెద్దమ్మ సమానంగా పంచుదామంది.

"నా దొన అద్దంలా ఉంది. ఎక్కువ నాకే ఇవ్వండి" అన్నాడు బంగారయ్య.

"నాకు ముందు కొన్ని చాలు పెద్దమ్మా" అంది సుంకులు. "ఇవి ఎలా ఉంటాయో, ఏం తింటాయో నాకింకా తెలీదు."

కుందేళ్ళు కిసుక్కున నవ్వాయి. అద్దంలాంటి దొన ఒకవైపు, పాచి పట్టిన దొన ఒకవైపు ఉంటే ఎవరైనా ఏం చేస్తారు? దొప్పలన్నీ నేరేడు చెట్టు వైపే నడిచాయి. రెండు దొప్పలు మాత్రం సుంకులుకు మిగిలాయి.

బంగారయ్య తన దొప్పలన్నీ ఒకేసారి ధబధబా దొనలో కుమ్మరించాడు. సుంకులు కూడా కుమ్మరించబోయి ఆగింది. దొప్పలో వేలు పెట్టి చూస్తే నీళ్ళు ఎండకు గోరువెచ్చగా ఉన్నాయి. దొనలో పెడితే చల్లగా తగిలాయి. జ్వరంతో కాలుతున్న బిడ్డకు ఊటనీళ్ళు పోసినప్పుడు అది ఎలా బిగుసుకుపోయిందో సుంకులుకు గుర్తొచ్చింది. దొప్పను అలాగే నీళ్ళ మీద తేలనిచ్చింది. కాసేపయ్యాక దొననీళ్ళు గుక్కెడు దొప్పలో పోసింది. ఇంకాసేపాగి ఇంకో గుక్కెడు పోసింది. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒక్కలా తగిలాక దొప్పను వంచింది. చేపలు బెదరకుండా ఈదుకుంటూ వెళ్ళాయి. బజారులో కవరులో కట్టించుకుని చేపల్ని ఇంటికి తెచ్చే పిల్లలూ, తొట్టిలో పోసే ముందు కవరును కూడా ఇలాగే తేలనివ్వండి. చేపలు మిమ్మల్ని దీవిస్తాయి.

మర్నాడు మందలన్నీ కింద లోయలో ఉన్న నది దగ్గరికి బయల్దేరాయి. ఎండాకాలం అక్కడే గడుపుతాయి.

"వాగులో వదలడానికి మనకివే చేపలు. ఈ కొండ మీద ఇంకెక్కడా లేవు" అంది పెద్దమ్మ వెళ్తూ వెళ్తూ. "ఇవి పోతే వానాకాలం మన పిల్లల గతి ఏమిటో మీకు తెలుసు."

కొండ మీద సుంకులు, ఆమె బిడ్డ, బంగారయ్య మిగిలారు.

ఇక సుంకులుకు చూడటమే పని. చేపలకు మాటలు రావని అందరూ అంటారు. సుంకులుకు మాత్రం అవి ఏదో చెబుతూనే ఉన్నట్టు అనిపించేది. నీళ్ళలో చెబుతాయి, మన దాకా బుడగ వస్తుంది, అంతే. ఆ మాట చెవికి వినిపించదు కాబట్టి కళ్ళతోనే వినాలని గట్టు మీద బోర్లా పడుకుని చూసేది.

మొదట్లో ఆమె కూడా తప్పు చేసింది. చేపలు తన నీడ పడగానే పైకి వస్తుంటే ముచ్చటేసింది. ఆకలేస్తోంది కాబోలని ఇప్పపూలు చిదిమి వేసింది. తిన్నాయి. మళ్ళీ వేసింది. మళ్ళీ తిన్నాయి. బిడ్డ కూడా ఒక గుప్పెడు విసిరింది. పాపం, తల్లీబిడ్డలకు అదో ఆట అయిపోయింది. తినగా మిగిలింది అడుగుకు చేరి కుళ్ళింది. నీళ్ళు కుడితిలా అయ్యాయి. ఒక పొద్దున చూస్తే చేపలన్నీ పైకి తేలి, నోళ్ళు నీటి మీదికి పెట్టి టపటపా కొడుతున్నాయి.

సుంకులు నీళ్ళన్నీ తోడి పారబోద్దామని దొప్ప అందుకుంది. కానీ చల్లటి ఊటనీళ్ళు ఒకేసారి పోస్తే దొప్ప తేలించిన రోజున తను పడ్డ భయమే నిజమవుతుంది కదా అనిపించింది. అందుకని ముందు కుళ్ళిన పూలు ఏరేసింది. అయిదో వంతు నీళ్ళు తీసేసి, బండ మీది గుంటలో ఎండకు నిలవబెట్టిన ఊటనీళ్ళు అంతే మేర మెల్లగా పోసింది. ఆ రోజు మేత వెయ్యలేదు. మర్నాడూ వెయ్యలేదు. బిడ్డ ఏడ్చింది, చేపలు ఏడవలేదు. మెల్లగా నీళ్ళు తేరుకున్నాయి, చేపలు అడుగుకు దిగాయి.

సుంకులు ఒక చేపను పరకాయించి చూసింది. దాని పొట్ట ఎంతుంటుంది? దాని కంటిగుడ్డంత ఉంటుంది. అంత పొట్టకు గుప్పెడు పూలా? తన తెలివితక్కువకు తనకే నవ్వొచ్చింది. అప్పట్నుంచి గబగబా తినేసేంత చిటికెడు మేతే వేసింది.

ఇంకో వింత కూడా కనిపెట్టింది. చేపలు తింటాయి, రెట్టలు వేస్తాయి. ఆ రెట్టలు ఇసుకలోకి దిగి కొన్నాళ్ళకు మాయమైపోతున్నాయి. ఎవరు తీస్తున్నారు? నత్త ఒక్కటే అంత పని చెయ్యలేదు. తను తోమిన తెల్లరాయి దగ్గరికి చేపలు పోవడం లేదు. పచ్చరాళ్ళ చుట్టూ తిరుగుతూ పాచిని కొరుకుతున్నాయి, దానిలో దాక్కుంటున్నాయి. సుంకులు పాచిని కొంచెం గిల్లి కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది. ఏమీ కనపడలేదు.

"కంటికి కనపడని పనివాళ్ళెవరో ఇందులో కాపురం ఉన్నారు" అంది బిడ్డతో. "మనం తోమేస్తే వాళ్ళ ఇల్లు కూల్చినట్టే."

ఒకరోజు బంగారయ్య దొన ఎలా ఉందో చూద్దామని నేరేడు చెట్టు దగ్గరికి వెళ్ళింది. దొన ఇంకా తళతళలాడుతూనే ఉంది. చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి.

"చూశావా!" అన్నాడు బంగారయ్య గర్వంగా. "నేను రాగానే పైకొచ్చి దండాలు పెడుతున్నాయి. ఎంత విశ్వాసమో!"

"అవి దండాలు కావు మామా. ఊపిరాడక అలా చేస్తున్నాయి. నా దొనలోనూ ఒకసారి ఇలాగే చేశాయి."

"నీ పాచి దొనలో ఊపిరాడదు. నా దొనకేం? ఈ నీళ్ళు ఇవాళ పొద్దున మార్చినవే."

"రోజూ మారుస్తున్నావా?"

"నువ్వు రోజూ మొహం కడుక్కోవా?"

"అన్ని నీళ్ళూ మారుస్తున్నావా?"

"చివరి చుక్కదాకా! చేపల్ని దొప్పల్లోకి పట్టి, దొన తోమి, కొత్త ఊటనీళ్ళు పోసి, మళ్ళీ వదులుతున్నాను. ఎంత చాకిరీ అనుకున్నావు? నా తోక చూడు."

సుంకులు చూసింది. తోక చివర వెంట్రుకలు అరిగిపోయి చర్మం కనపడుతోంది. జాలేసింది. దొనలోకి చూస్తే ఇంకా జాలేసింది. పనివాళ్ళు రోజూ కాపురానికి వస్తున్నారు, ఈయన రోజూ తోమి పంపేస్తున్నాడు. దానికి తోడు దొనలో చేపలూ మరీ ఎక్కువ.

"మామా, కొన్నాళ్ళు తోమకుండా వదిలి చూడు. నీళ్ళు కూడా కాసిన్నే మార్చు. నా దొన ఒకసారి వచ్చి చూడరాదా?"

"ఆ పాచి చూడటానికి నేను రావాలా?" అని బంగారయ్య పైకొమ్మకు ఎక్కేశాడు.

తర్వాత ఒకసారి సుంకులు అటు వెళ్తే బంగారయ్య నేరేడు చెట్టు మొదట్లో గొయ్యి తవ్వుతూ కనిపించాడు. ఆమెను చూసి గబుక్కున మట్టి కప్పేశాడు.

"ఏం దాస్తున్నావు మామా?"

"గింజలు. ఉడుతలు గింజలు దాచుకుంటాయని తెలీదా?"

తెలుసు. అందుకే సుంకులు నమ్మింది. ఆ తర్వాత మళ్ళీ ఇంకో గొయ్యి చూసింది, ఇంకోటి చూసింది. నేరేడు పండ్లు ఇంకా పండనే లేదు. ఏ గింజలు దాస్తున్నట్టు? బంగారయ్య చేతివంక చూస్తే గోటి సందున ఒక వెండి పొలుసు మెరిసింది.

సుంకులుకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెంటనే కోపం కూడా వచ్చింది. చంకలోని బిడ్డ చేతులు ఇంకా వణుకుతున్నాయి. ఆ చేపలు ఒక్క బంగారయ్యవేనా?

"ఎన్ని పోయాయి మామా?"

"మురికి చేపలు! ఎంత కడిగినా నీళ్ళు పాడు చేస్తున్నాయి. చచ్చినవి చచ్చాయి. మిగిలినవి మంచివి. నువ్వెళ్ళు, నాకు పనుంది" అని ఆయన మళ్ళీ తోమడానికి దిగాడు. గొంతు మాత్రం మునుపటిలా లేదు.

మరికొన్నాళ్ళకు బంగారయ్యే సుంకులు బండ దగ్గరికి వచ్చాడు. దగ్గరికి రాలేదు, కాస్త దూరంలో నిలబడ్డాడు. మొహం పీక్కుపోయింది. తోక సగానికి సగం బోసిపోయింది. తోక బరువు తగ్గి, దూకేటప్పుడు అదుపు తప్పి ఎక్కడో పడ్డట్టున్నాడు, మోకాలు గీరుకుపోయి ఉంది.

"సుంకులూ, ఇక కొన్నే మిగిలాయి. నేను ముట్టుకున్న కొద్దీ చస్తున్నాయి. ఏం చెయ్యమంటావు?"

సుంకులు నాలుక చివరిదాకా ఒక మాట వచ్చింది. 'చెబితే విన్నావా?' అనే మాట. ఆయన మొహం చూసి దాన్ని మింగేసింది.

"ముందు మేత ఆపు మామా. తోక కడుక్కోకుండా ఇలా రా."

తన దొనలోని ఇసుక దోసిలితో ఎత్తి ఒక దొప్పలో పోసింది. తన దొన నీళ్ళు ఇంకో దొప్పలో పట్టింది. ఇసుక, నీళ్ళు తను మోసింది. తర్వాత బాగా పాచి పట్టిన రాళ్ళు రెండు చూపించి, "ఇవి నువ్వు పట్టుకో" అంది.

బంగారయ్య ఆ రాళ్ళ వంక చూశాడు. అవి పచ్చగా, జిగురుగా ఉన్నాయి. ఒకదాని మీద నత్త కూడా ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని రెండింటినీ పొట్టకు హత్తుకుని ఎత్తాడు. ఎర్రటి బొచ్చంతా పచ్చగా పూసుకుపోయింది. దారిపొడుగునా "ఛీ ఛీ" అనుకుంటూనే నడిచాడు గానీ, ఒక్కసారి కూడా కింద పెట్టలేదు.

ఇసుక, రాళ్ళు, పాతనీళ్ళు అన్నీ నేరేడు చెట్టు కింది దొనలో చేరాయి. ఉన్న చేపల్లో కొన్నింటిని సుంకులు తన దొనకు తీసుకుపోయింది.

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు బంగారయ్య.

"ఏమీ చెయ్యకు. చూస్తూ కూర్చో."

"ఏమీ చెయ్యకూడదా? ఆ మూల ఆకు పడింది, అది..."

"ఆకు తియ్యి. తోమొద్దు."

బంగారయ్య జీవితంలో అంత కష్టమైన పని ఇంతకు ముందు చెయ్యలేదు. చేతులు దురద పెట్టేవి. రాయి పక్కన కొత్తగా పచ్చటి మచ్చ కనబడితే గోళ్ళు ముందుకు వచ్చేవి. వాటిని చంకల్లో పెట్టుకుని కూర్చునేవాడు. ఆ రోజుల్లో కూడా రెండు మూడు చేపలు పోయాయి. తర్వాత పోవడం ఆగింది. నోళ్ళు పైకి పెట్టడం ఆగింది. ఒక సాయంత్రం ఆయన పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"సుంకులూ, ఆ చిన్న చేప పెద్దదాన్ని తరుముతోంది! ఎందుకంటావు?"

"నాకూ తెలీదు మామా. పద, చూద్దాం."

ఇద్దరూ చీకటి పడేదాకా బోర్లా పడుకుని చూశారు.

వేసవి చివర్లో సుంకులు దొనలో పెద్ద సంబరమే జరిగింది. పాచి పోగుల సందుల్లో కనురెప్ప వెంట్రుకంత పిల్లలు కదిలాయి. ముందు కొన్ని, తర్వాత లెక్కలేనన్ని. పెద్ద చేపలు తినేయకుండా పాచిలోనే దాక్కుని, పాచినే తింటూ పెరిగాయి. వాటికని ఆమె నీటిమొక్కలు ఇంకొన్ని తెచ్చి పెట్టింది. బిడ్డ ఒక్కొక్కదాన్నీ వేలెత్తి చూపిస్తూ కేరింతలు కొట్టింది.

వానలు వచ్చాయి. కొండంతా తడిసింది. వాగు మొదట ఎర్రగా, తర్వాత తేటగా పారింది. మందలన్నీ లోయ నుంచి తిరిగొచ్చాయి.

అందరూ వాగు ఒడ్డున చేరారు. సుంకులు, బంగారయ్య దొప్పలతో చేపల్ని తెచ్చి నీళ్ళలో వదిలారు. దొప్ప మీద దొప్ప వస్తూనే ఉంది. పెద్దవి, పిల్లలు అన్నీ కలిసి వెండి పొట్టులా వాగంతా పరుచుకున్నాయి. ఏ చేప ఏ దొనలోదో చూసేవాళ్ళకు ఏం తెలుస్తుంది?

"మనం వెళ్ళేటప్పటి కన్నా ఎక్కువున్నాయి!" అని దుప్పులు గంతులు వేశాయి.

కణితి పెద్దమ్మ మొహం వెలిగిపోయింది. "బంగారయ్యా, నీ అద్దంలాంటి దొనే మన పిల్లల్ని కాపాడింది. ఎక్కువ చేపల్ని నీకిచ్చి మంచి పని చేశాం. సుంకులూ, నువ్వు కూడా చేతనైనంత సాయం చేశావు."

కుందేళ్ళు "బంగారయ్యకు జై" అన్నాయి. బంగారయ్య ఒళ్ళు పులకరించింది. ఆయనకు ఇష్టమైన మాటలే అవన్నీ. నేరేడు చెట్టు కింద ఏముందో కొండ మీద ఒక్క సుంకులుకే తెలుసు. ఆమె వాగు వంక చూస్తూ ఊరుకుంది. ఆయన గుట్టు బయటపెట్టాలని ఆమెకు అనిపించలేదు. చేపలు బతికాయి, బిడ్డకు భయం లేదు, అది చాలు.

బంగారయ్య ఆమె వంక చూశాడు. బోసితోకను ముందుకు తెచ్చుకుని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఆగండి" అన్నాడు. "జై కొట్టకండి."

అందరూ ఆగారు.

"మీరు నాకు ఎక్కువ చేపల్నిచ్చారు. వాటిలో చాలావాటిని నేరేడు చెట్టు కింద పాతిపెట్టాను. సుంకులు చెప్పింది, వినలేదు. చచ్చినవాటిని గింజలని అబద్ధమాడాను. వాగులో ఉన్నవాటిలో పిల్లలన్నీ సుంకులు దొనలో పుట్టినవే. నా దగ్గర మిగిలినవి కూడా ఆమె ఇచ్చిన పాచితోనే బతికాయి." ఆయన పెద్దమ్మ వైపు తిరిగాడు. "పెద్దమ్మా, వాటిని మురికి చంపలేదు. నా శుభ్రం చంపింది."

ఎవరైనా తిట్టి ఉంటే బంగారయ్యకు కాస్త తేలికగా ఉండేది.

పెద్దమ్మ సుంకులును ముందుకు పిలిచి అంది. "ఇక నుంచి ప్రతి ఎండాకాలం చేపల బాధ్యత సుంకులుది. ఎవరి దొన ఎలా ఉండాలో ఆమె చెప్పినట్టే అందరూ నడుచుకోవాలి."

ఆ వానాకాలం దోమలు గుడ్లు పెట్టాయి, పరిగెలు పురుగుల్ని తిన్నాయి. ఏ పొదలోనూ ఏ బిడ్డా జ్వరంతో పడుకోలేదు.

నీతి: పెంచుకునే ప్రాణికి మనకు నచ్చింది కాదు, దానికి నప్పింది చెయ్యాలి. అందుకే ముందు కళ్ళతో చూడాలి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి.